ముందు సామాను తూచాను, తర్వాతే పెట్టె కొన్నాను

ఆ రాత్రి బండి వెనక చక్రం సగం విప్పి ఉంది. 17 నంబరు పానా కోసం పనిముట్ల పెట్టెలో మూడో సొరుగు లాగాను. రాలేదు. కొంచెం గట్టిగా లాగాను. ఈసారి మొత్తం వచ్చేసింది. ఎడమ పక్క చానెల్, అంటే సొరుగు జారే ఇనప పట్టా, ఊడిపోయి, సొరుగు ఒక మూల నుంచి వేలాడుతూ నా మోకాలి మీద ఆగింది. పానాలన్నీ గలగలమంటూ ఆ మూలకి జారిపోయాయి. ఆ గోల ఆగాక ఇంకో చప్పుడు వినపడింది. టిక్, టిక్, టిక్. చానెల్‌లోంచి బేరింగ్ గోళీలు ఒక్కొక్కటే నేల మీద పడి దొర్లుకుంటూ పోతున్నాయి. ఒక్కోటి మిరియం గింజంత ఉంటుంది. బల్ల కిందికి పోయింది ఇక దొరకదు.

ఆ పెట్టె కొని అప్పటికి 14 నెలలు. ఎర్రగా నిగనిగలాడేది, ఏడు సొరుగులు, పైన మూత. కొన్న రోజు నేను చూసినవి రంగు, సొరుగులెన్ని, వెడల్పెంత, అంతే. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు సగం వాళ్లదైతే సగం నాది. పెట్టె లోపల వెనక గోడ మీద ఒక చిన్న స్టిక్కరుంది, ఒక్కో సొరుగులో 12 కిలోలు దాటకూడదని. దాన్ని నేను మొదటిసారి చదివింది ఆ రాత్రే, టార్చి పట్టుకుని గోళీలు ఏరుకుంటూ.

మర్నాడు సొరుగు బయటికి తీసి బోర్లించి చూశాను. అడుగు రేకు మధ్యలో కిందికి కుంగి పొట్టలా తయారైంది. స్కేలు అడ్డంగా పెడితే దాదాపు 6 మిల్లీమీటర్ల లోతు. విషయం అక్కడే ఉంది. అడుగు కుంగితే రెండు పక్క గోడలూ లోపలికి వాలతాయి. గోడకి బిగించిన చానెల్ ముక్క కూడా గోడతోపాటే వాలుతుంది. దానికీ పెట్టెకి బిగించిన ముక్కకీ మధ్య సందు పెరుగుతుంది. గోళీలు నిలబడేది ఆ సందులోనే కాబట్టి, అది పెరిగిన రోజున అవి బయటికి రాక తప్పదు. చానెల్ పాడైందని నేను అనుకున్నాను గానీ, ముందు ఓడిపోయింది అడుగు రేకు.

అయినా అంత బరువు ఆ ఒక్క సొరుగులోకే ఎలా వచ్చింది? నడుము ఎత్తులో ఉండేది అదే. వంగక్కర్లేదు, చెయ్యి చాపితే అందుతుంది. అందుకని రోజూ వాడేవన్నీ అందులోనే పడేశాను. పానాలు, సాకెట్లు, సుత్తులు, కటింగ్ ప్లేయర్లు అన్నీ. కింద రెండు సొరుగుల్లో మాత్రం పాత వైర్లు, ఎందుకు దాచానో నాకే తెలీని ప్లాస్టిక్ ముక్కలు.

నా బండి మొదట్నుంచీ చూసే మెకానిక్ అన్న ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికెళ్లి, మంచి టూల్ చెస్ట్ ఏదైనా చెప్పన్నా అని అడిగాను. చేతిలో కార్బురేటర్ ఉంది, తలెత్తకుండానే అడిగాడు.

“నీ సామాను బరువెంత తమ్ముడూ?”

“తెలీదన్నా.”

“అన్నిటికంటే పొడుగ్గా ఉండేది ఏది?”

“చూడలేదన్నా.”

“మరేం తెలుసని పెట్టె కొందామని బయల్దేరావ్?”

ఆయన పెట్టె బూడిద రంగుది. మూలల్లో రంగు లేచిపోయింది, పైన నూనె మరకలు, ఒక పిడికి టేపు చుట్టి ఉంది. సుత్తుల సొరుగు లాగి చూడమన్నాడు. చూపుడు వేలు ఒక్కటీ పెట్టి లాగాను. చప్పుడు లేకుండా చివరిదాకా వచ్చి ఆగింది. లోపల అరడజను సుత్తులు, ఒక బెంచ్ వైస్ దవడ, ఇంకా ఏవో ఇనప దిమ్మలు. తొయ్యడానికి ఆయన చెయ్యి కూడా వాడలేదు, నడుంతో ఒక్కసారి తట్టాడు. అది వెళ్లి క్లిక్‌మని కూర్చుంది. నా ఎర్ర పెట్టె కొత్తలో కూడా అలా మూసుకోలేదు.

ఇంటికొచ్చి సామానంతా నేల మీద పరిచాను. ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఒళ్లు బరువు చూసుకునే మిషన్ తెచ్చి, బకెట్టులో ఒక్కో రకం వేసుకుని ఎత్తుకుని నిలబడటం, నా బరువూ బకెట్టు బరువూ తీసేయడం. మోటు పద్ధతే కానీ ఈ పనికి చాలు. హాఫ్ ఇంచ్ సాకెట్లు, వాటిని తిప్పే రాచెట్ పిడి, ఎక్స్‌టెన్షన్లు కలిపి 8.4 కిలోలు. పానాలు 6.2. సుత్తులు 5.1. కటింగ్ ప్లేయర్లు, పట్టకార్లు 3.6. ఈ నాలుగూ కలిపితే 23 కిలోల పైన. 12 కిలోల సొరుగులో నేను 14 నెలలు మోయించిన బరువు అది. ఇంకేం తిడతాం కంపెనీని!

అసలు ఆశ్చర్యం వేరే చోట ఎదురైంది. అన్నిటికంటే బరువైనవి పనిముట్లు కాదు. పాత డబ్బాల్లో పోసి పెట్టుకున్న మేకులు, నట్లు, బోల్టులు, స్క్రూలు. అన్నీ కలిపి 18.6 కిలోలు. చిన్నవి కదా అని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఒక డబ్బా దూర్చేస్తాం. సొరుగుల నడుం విరిచేవి అవే. చెక్కల్ని బిగించి పట్టే క్లాంపులు 11 కిలోలు. ఉలులు, చిత్రికలు కలిపి దాదాపు 8. డ్రిల్ మిషన్, గ్రైండర్, వాటి చార్జర్లు 9 పైచిలుకు. మిగతా చిల్లర సామానూ కలిపి అన్నీ కూడితే 87 కిలోలు తేలింది. నన్ను ముందే అడిగి ఉంటే నలభై అని చెప్పేవాణ్ణి.

తర్వాత ఎత్తులు. అట్టపెట్టెలు కోసి సొరుగు సైజులో పళ్లేల్లా మడిచి, వాటిలో సామాను ఒకదాని మీద ఒకటి రాకుండా పేర్చి చూశాను. పానాలు వరసగా పడుకోబెడితే 3 సెంటీమీటర్లు దాటవు. స్క్రూడ్రైవర్లు, ఆకురాళ్లు, అలెన్ కీలు, మూలమట్టం, మందం కొలిచే వెర్నియర్ అన్నీ అంతలోనే. నా సామానులో మూడింట రెండొంతులకి 5 సెంటీమీటర్ల లోతు చాలు. నిజంగా లోతు కావాల్సినవి డ్రిల్, గ్రైండర్, క్లాంపులు, మేకుల డబ్బాలు మాత్రమే. ఎర్ర పెట్టెలో ఏముందీ, నాలుగు లోతు సొరుగులు, మూడు పల్చటివి. లోతు సొరుగంటే చాలా పడుతుంది కదా అని సంబరపడ్డాను. పడుతుంది, ఒకదాని మీద ఒకటి. అడుగునున్నది ఉన్నట్టే మర్చిపోతాం. ఈ పరచడంలో 10 నంబరు సాకెట్లు నాలుగు బయటపడ్డాయి. ఎప్పుడూ పోయేది అదే సైజు కదా, పోయిన ప్రతిసారీ కొత్తది కొన్నాను. ఏదీ పోలేదు, అన్నీ అడుగునే ఉన్నాయి.

ఈ రెండు లెక్కలూ కాగితం మీదికొచ్చాక వెతకడం తేలికైపోయింది. అంతకుముందు ఇరవై పెట్టెలు నచ్చేవి. ఇప్పుడు పదిహేడు వాటంతటవే పక్కకి తప్పుకున్నాయి.

మిగిలినవాటిలో మొదట తికమక పెట్టింది రేకు మందం చెప్పే గేజు. గేజు నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది, ఇది తెలియక తిరగేసి అర్థం చేసుకునేవాళ్లు చాలామంది. 18 గేజు అంటే ఇంచుమించు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజు 0.9, 22 గేజు ముప్పావు మిల్లీమీటరు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో “18 గేజు” అని ఉంటుంది. అది దేనికి? ఒకచోట గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేంటంటే, నాలుగు మూలల్లో నిలబడే ఫ్రేముకి మాత్రమే 18. పక్క రేకులు 20, సొరుగులు 22. నా పాత పెట్టె కుంగింది సరిగ్గా ఆ సొరుగు రేకులోనే, కాబట్టి నాకు ఫ్రేము గేజుతో పెద్దగా పనిలేదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు జేబులో వెర్నియర్ పెట్టుకెళ్లాను. చూపించే కుర్రాడు నన్ను వింతగా చూశాడు, పర్లేదు. సొరుగు అంచు కొలిస్తే 1.7 వచ్చింది, ఒక్క క్షణం మురిసిపోయాను. తర్వాత వేలితో తడిమితే అర్థమైంది, అంచు తెగకుండా రేకుని వెనక్కి మడిచారు. అంటే నేను కొలిచింది రెండు పొరలు, దాని మీద రెండు పక్కలా పౌడర్ కోటింగు అనే రంగు పొర. కోటింగే ఒక్కో పక్క మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉండొచ్చు. కాబట్టి మడత లేని చోట, తాళం కోసం కొట్టిన రంధ్రం అంచునో, చానెల్ బిగించిన చోటో కొలవాలి. అక్కడ 0.9 వచ్చింది. సొరుగుకి అది బాగానే ఉన్నట్టు. అడుగున రేకుని గట్టుల్లా వత్తి ఉంటే ఇంకా మంచిది. అదే మందంలో సాదా రేకు కంటే గట్టులున్న రేకు తక్కువ వంగుతుంది.

నిజానికి ఈ కొలతలన్నిటికంటే ఎక్కువ చెప్పింది నా అరచెయ్యి. ఖాళీ పెట్టె పై మూల మీద చెయ్యి పెట్టి ఐమూలగా నెట్టండి. బలహీనమైన పెట్టె ఆకారం మారుతుంది, సొరుగుల మధ్య సందులు ఒకవైపు సన్నబడతాయి. గట్టిది మొత్తంగా కదులుతుంది, లేదా కదలదు.

చానెళ్ల దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడ్డాను. బేరింగ్ లేకుండా రేకు మీద రేకు జారే రకం వద్దనే అనుకున్నాను, బరువు పడితే అవి గీసుకుంటూ వస్తాయి. బేరింగు వాటిలోనూ రెండు రకాలు. కొన్ని ముప్పావు వంతు వరకే వస్తాయి, వెనకున్నది తియ్యాలంటే చెయ్యి లోపలికి దూర్చి గుడ్డిగా తడుముకోవాలి. కొన్ని పూర్తిగా బయటికొస్తాయి. పూర్తిగా వచ్చేదే కావాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. నేను చేసిన పరీక్షలు రెండే. ఒకటి, సొరుగు చివరిదాకా లాగి ముందు అంచు మీద రెండు వేళ్లతో కిందికి నొక్కడం, ఆ తర్వాత పక్కలకి ఊపడం. మంచిది స్ప్రింగులా కాస్త వంగి తిరిగొస్తుంది. లొడలొడలాడితే వదిలెయ్యాలి. రెండోది, పిడి మధ్యలో కాకుండా ఒక చివర పట్టుకుని లాగడం. పని చేసేటప్పుడు మధ్యలో పట్టుకుని లాగే తీరిక ఎవరికుంటుంది? వెడల్పు ఎక్కువున్న సొరుగుల్లో సగం ఇక్కడే ఐమూలగా ఇరుక్కుంటాయి. అందుకే బాగా వెడల్పున్న వాటికి, లోతు సొరుగులకి కొందరు ఒక్కో పక్క రెండేసి చానెళ్లు పెడతారు. నేను చివరికి తీసుకున్నదాంట్లో మామూలు సొరుగుకి 45 కిలోలు, అట్టడుగు సొరుగుకి జంట చానెళ్లతో 90 రాసి ఉంది. ఆ అంకె బరువు సొరుగంతా సమంగా పరిచినప్పటి మాట. మొత్తం ముందు అంచు దగ్గరే పేరిస్తే చానెల్ మీద పడే భారం వేరు. అందుకే సగం దాటకూడదని నాకు నేనే గీత గీసుకున్నాను.

మెల్లగా మూసుకునే సాఫ్ట్ క్లోజ్ ఉన్నది కూడా చూపించారు. బాగుంది కానీ నాకు నచ్చలేదు. వంటింటి అలమరాకి సరే. గ్రీజు చేతులతో, ఇనప రజను మధ్య వాడే చోట పాడవడానికి ఇంకో భాగం ఎందుకు? దానికి బదులు సొరుగు తనంతట తాను తెరుచుకోకుండా పట్టి ఉంచే ఆపు ఉందో లేదో చూశాను. నేల కొద్దిగా వాలుగా ఉన్నా, చక్రాల మీద తోసినా, బరువు సొరుగు దానంతటదే బయటికొస్తుంది. ఊరికే కొంచెం బిగువుగా ఆగే రకం చిన్న సొరుగులకి సరిపోతుంది. తరచూ అటూ ఇటూ తోసేవాళ్లయితే పిడి దగ్గర గొళ్లెం నొక్కితేనే తెరుచుకునే రకం తీసుకోవడం మంచిది.

చక్రాల లెక్క మెకానిక్ అన్న చెప్పాడు. ఒక్కో చక్రం 110 కిలోలు మోస్తుందని రాసి ఉంటే మనం నాలుగుతో గుణించి 440 అనుకుంటాం. నేల ఎక్కడా అంత సమంగా ఉండదు. ఏ క్షణంలోనైనా ఒక చక్రం గాల్లోనో, సగం బరువుతోనో ఉంటుంది. కాబట్టి మూడుతోనే గుణించాలి, 330. నా 87 కిలోల సామాను, ఖాళీ పెట్టె 74 కిలోలు, కలిపి 161. ఇంకో యాభై అరవై పెరిగినా ఇబ్బంది లేదు. చక్రం పెద్దదైతే మంచిది. 5 అంగుళాలది నేల మీదున్న వైరుని దాటేస్తుంది, 3 అంగుళాలది అక్కడే ఆగిపోతుంది, పైన బరువు మాత్రం ముందుకి తూలుతుంది. మెత్తటి రబ్బరు చక్రాలు నెలల తరబడి ఒకేచోట బరువు మోస్తూ నిలబడితే కిందివైపు చదునైపోతాయి, తర్వాత తోస్తే టకటకా కొట్టుకుంటాయి. గట్టి ప్లాస్టిక్‌వి తేలిగ్గా దొర్లుతాయి కానీ ఒకటే చప్పుడు, నేల మీద గీతలు. ఈ రెంటికీ మధ్యన పాలీయూరెథేన్ బాగుంది. బ్రేకు వేస్తే చక్రం ఆగడమే కాదు, అది పక్కలకి మళ్లడం కూడా ఆగాలి. లేకపోతే పెట్టె ఉన్నచోటే మెలికలు తిరుగుతుంది.

తాళం గురించి ఎక్కువ చెప్పను. రేకు పెట్టె తాళం దొంగని ఆపదు, పిల్లల్ని ఆపుతుంది. తాళం వేశాక ప్రతి సొరుగూ లాగి చూడాలి, ఒక్కటైనా తెరుచుకుంటే లోపలి కడ్డీ సరిగా పట్టట్లేదన్నమాట. తాళంచెవి మీద నంబరుంటే ఆ రోజే ఫోటో తీసుకోవాలి.

మధ్యలో ఒక వారం చెక్క పెట్టె మీదికి మనసు పోయింది. ఉలులకీ చిత్రికలకీ చెక్కే అందమని. స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో 1936లో పొలం దున్నుతుంటే మాస్టర్‌మీర్ అనే చోట ఒక పెట్టె దొరికింది, వైకింగుల కాలంనాటిది. ఓక్ చెక్కది. అందులోనూ దాని చుట్టుపక్కలా రెండు వందలకి పైగా వస్తువులు, సుత్తులు, పట్టకార్లు, రంపాలు, ఆకురాళ్లు. వెయ్యేళ్ల కిందటి పనివాడు కూడా కమ్మరం సామాను, వడ్రంగం సామాను ఒకే పెట్టెలో కలిపేశాడని చదివి నాకు కాస్త ధైర్యమొచ్చింది. కానీ ఓక్ చెక్కలో టానిన్లుంటాయి, తేమ తగిలితే ఇనుముతో కలిసి నల్లటి మరకలు పడతాయి, ఇనుమూ తినేస్తుంది. పైగా చెక్క తేమని బట్టి ఉబ్బుతుంది, సొరుగులు బిగుస్తాయి. నా చోటు తేమగానే ఉంటుంది. చెక్క ఆలోచన వదిలేశాను. ఇప్పటికీ ఎక్కడైనా మంచి చెక్క పెట్టె కనిపిస్తే ఆగి చూస్తాననుకోండి.

చివరికి కొన్నది 92 సెంటీమీటర్ల వెడల్పు, 46 లోతు. ఎనిమిది సొరుగులు, వాటిలో ఐదు పల్చటివి. రంగు బూడిద. రంగు నేను అడగలేదు, అదే ఉంది.

ఇన్ని కొలిచిన మొనగాణ్ణి, ఇల్లు కొలవడం మర్చిపోయాను. తలుపు పడుతుందో లేదో చూశాను, పడుతుంది. తలుపు తర్వాత నడవాలో మలుపుందని గుర్తుకురాలేదు. పెట్టె పక్కన తోసే పిడి 8 సెంటీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంది, అది గోడకి తగిలి ఆగిపోయింది. తెచ్చినవాళ్లు ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. పిడి విప్పాలంటే 13 నంబరు పానా కావాలి. సామానంతా లోపల నేల మీద పరిచి ఉంది, దారికి అడ్డంగా పెట్టె! చివరికి పక్కింటి బాబాయ్‌ని అడిగి పానా తెచ్చుకున్నాను. సొరుగులన్నీ తీసేశాం, చానెల్ పక్కన చిన్న మీట నొక్కితే ఒక్కోటీ ఊడొచ్చింది. ఖాళీ గూడు తేలిగ్గా తిరిగింది. సొరుగులు విప్పే ఏర్పాటు ఉందో లేదో కొనేటప్పుడే చూడమని ఎవరూ చెప్పలేదు, నేను చెప్తున్నాను.

అసలు గండం సాయంత్రం వచ్చింది. ఉత్సాహం ఆగక పైనుంచి సర్దడం మొదలుపెట్టాను. పై మూడు సొరుగులు నిండాయి, కింద ఇంకా ఖాళీ. ఎలా ఉన్నాయో చూసుకుందామని మూడూ ఒకేసారి తెరిచి రెండడుగులు వెనక్కి జరిగాను. వెనక చక్రాలు లేచాయి. చాలా నిదానంగా, లేవాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు. ఎగిరి ముందుకెళ్లి ఒక చేత్తో పై అంచు పట్టుకుని, మోకాలితో కింది సొరుగు లోపలికి నెట్టాను. నేల మీద ధన్‌మని కూర్చుంది. గుండె దడ తగ్గడానికి పది నిమిషాలు పట్టింది.

లెక్క చిన్నదే. సొరుగు బయటికొస్తే దాని బరువు ముందు చక్రాల గీత దాటి ముందుకి పోతుంది. వెనకనున్న బరువు దాన్ని ఆపగలిగితేనే పెట్టె నిలబడుతుంది. ఒక సొరుగు తెరిస్తే మిగతావి తెరుచుకోకుండా ఆపే ఇంటర్‌లాక్ కొన్నిటికి ఉంటుంది. నేను దాన్ని చిరాకు పెట్టే సంగతిగా లెక్కేసి లేనిదే కొన్నాను. ఈ ఒక్క విషయంలో నా ఎంపిక తప్పేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంట్లో పిల్లలుంటే మాత్రం ఇంటర్‌లాక్ ఉన్నదే తీసుకోండి.

మళ్లీ అన్నీ తీసి కిందినుంచి సర్దాను. అట్టడుగున మేకుల డబ్బాలు, క్లాంపులు, దాదాపు 30 కిలోలు. దాని పైన డ్రిల్, గ్రైండర్. ఆ పైన సుత్తులు. పానాలు, సాకెట్లు మాత్రం నడుము ఎత్తులోనే కావాలి, వాటిని రెండు సొరుగుల్లోకి విడగొట్టాను. పైన స్క్రూడ్రైవర్లు, కొలిచేవి. మేకు కావాల్సినప్పుడల్లా వంగాలి, అది తప్పదు. ఆ తర్వాత మూడు సొరుగులు తెరిచి, చేతులు పెట్టుకుని, కొంచెం కొంచెంగా వదిలి చూశాను. కదల్లేదు.

తుప్పు సంగతి మూడో నెలలో బయటపడింది. పెట్టెతో పాటు నల్లటి మెత్తటి స్పాంజి పరుపులిచ్చారు, మురిపెంగా ప్రతి సొరుగులోనూ వేశాను. వరసగా వానలు పడిన పది రోజుల తర్వాత ఉలులు తీస్తే కిందివైపు నారింజ రంగు చుక్కలు. పైవైపు తళతళా మెరుస్తోంది, పరుపుకి తగిలిన వైపే తుప్పు. రంధ్రాలున్న ఆ స్పాంజి తేమని పీల్చి పట్టుకుంది. అవి తీసేసి నీళ్లు పీల్చని ఈవీఏ ఫోమ్ కోసి వేశాను. ఉలుల సొరుగులో తుప్పు పట్టనివ్వని వీసీఐ కాగితం పరిచాను. అందులోంచి వచ్చే ఆవిరి లోహం మీద సన్నటి పొరలా పేరుకుంటుంది. సొరుగు మూసి ఉన్నంతసేపే దాని పని, రోజంతా తెరిచి పెడితే వృథా. సిలికా జెల్ పొట్లాలు కూడా వేశాను, తేమ పీల్చాక రంగు మారే రకం, కొంచెం వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. నీలం నుంచి గులాబీకి మారే వాటిలో కోబాల్ట్ ఉప్పు ఉంటుంది, అది మంచిది కాదు, అందుకని నారింజ రంగువి తెచ్చాను. వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మాత్రం పని అయ్యాక నూనె గుడ్డతో ఒకసారి తుడవడం. చేతి చెమట అలాగే వదిలేసిన పానా మీద వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పట్టడం నేను చూశాను.

ఒక సొరుగుకి పనిముట్ల ఆకారంలో ఫోమ్ కోసే పని కూడా చేశాను. కింద పసుపు, పైన నలుపు. ఏదైనా తిరిగి పెట్టకపోతే పసుపు రంగు కనపడుతుంది. విమానాల మరమ్మతు చేసేచోట ఈ పద్ధతి తప్పనిసరి లాంటిది, ఇంజన్లో ఒక పానా మర్చిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నాకు రెండు సాయంత్రాలు పట్టింది, బ్లేడుతో వేలు కూడా తెగింది. తర్వాతి నెల రాచెట్ మార్చాను. కొత్తది ఆ గుంటలో పట్టలేదు. మిగతా సొరుగులకి ఆ పని పెట్టుకోలేదు.

ఎర్ర పెట్టెని పారెయ్యలేదు. అడుగు రేకు కింద చెక్క పలక వేసి, దొరికిన గోళీలతో చానెల్ మళ్లీ కూర్చాను. పూర్తిగా లాగితే కొంచెం గీసుకుంటుంది. ఉప్పు కాగితాలు, బ్రష్షులు, ముసుగులు, టేపులు, బరువులేనివన్నీ ఇప్పుడు దాంట్లో ఉన్నాయి. వెనకనున్న స్టిక్కర్ కనపడదని, ప్రతి సొరుగు ముందూ మార్కరుతో “12 కిలోలు” అని పెద్దగా రాశాను.